రెండో తాళంచెవి

"అక్కా, మీ ఇంట్లో బల్బు వెలుగుతోంది. నా పోర్షన్‌లో మాత్రం పొద్దున్నించి కరెంటు లేదు. ఏటిది?"

సాయిదుర్గ గొంతు పెంచలేదు. నర్సు యూనిఫాం మీద స్వెట్టర్ తొడుక్కుని, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని తన గుమ్మం ముందు నిలబడి అడిగింది. డుంబ్రిగుడ డిసెంబరు చలిలో చన్నీళ్ళు పోసుకున్న మనిషి అరవకుండా అంత నెమ్మదిగా అడుగుతుంటే కృపావతికి భయం వేసింది.

"ఫీజు కొట్టీసిందేమో సిస్టరమ్మా. ఉండు, ఆయన్ని సూడమంటాను."

"కొట్టేయలేదక్కా. నేను చూశాను. బోర్డులో ఫీజే లేదు. ఎవరో పీకేశారు."

మొన్నటి వాన తర్వాత, ఇల్లు ఖాళీ చేస్తానన్న ఒక్క మాట తప్పితే, ఆమె కృపావతితో నోరు విప్పడం ఇదే మొదటిసారి. ఆ రెండు మాటలూ చెప్పేసి, తలుపు వేసి, తను కొత్తగా కొనుక్కున్న తాళంకప్ప బిగించి, లాగి చూసుకుని మరీ స్కూటీ ఎక్కి ఆసుపత్రికి వెళ్ళిపోయింది. కృపావతి ఇచ్చిన పాత తాళంకప్ప గుమ్మం పక్క మేకుకి వేలాడుతూ ఉండిపోయింది.

లోపల ఫల్గుణ పొయ్యి దగ్గర కూర్చుని చోడంబలి తాగుతున్నాడు. చొక్కా జేబు ఉబ్బెత్తుగా ఉంది. కృపావతి వంగి జేబులో చెయ్యి పెట్టి ఫీజు బయటికి తీసింది.

"ఇదేటి?"

"అలగ సూడకు. పీకింది నానే. గ్రూపులో అందరూ అదే సెప్పినారు."

"గ్రూపులో సెప్తే ఆడకూతురు ఉన్న ఇంట్లో ఫీజు పీకీడమేనా? బుద్ధుందా నీకు?"

"దానికుందా బుద్ధి? మన ఇంటికి దాని తాళమేటి? రేపు నాను నా ఇంట్లోకి ఎల్లాలంటే దాన్ని బతిమాలుకోవాలా?"

మూల చాప మీద చిక్కుడుకాయలు వలుస్తున్న అత్త యర్రమ్మ ఇలాంటి మాట కోసమే కాచుకున్నట్టుంది.

"నాను ముందే సెప్పినాను. బయటోల్లకి ఇల్లిస్తే ఇలాగే ఉంటాది. ఏటంత నేరం సేసీసినాం? వానొచ్చింది, గింజలు దాని గదిలో ఎట్టినాం. దానికి ఇంత రాద్ధాంతమా! పోతానంది కదా, పోనీ. జగదీష్‌కిచ్చీ. టూరిస్టులకి ఇచ్చుకుంటాడు."

జగదీష్ పేరు వినగానే కృపావతి చేతిలోని ఫీజు గట్టిగా పట్టుకుంది. యర్రమ్మ చిన్నకొడుకు అతను. అరకు రోడ్డు మీద టూరిస్టులకి టెంట్లు వేస్తాడు. పోర్షన్ కట్టినప్పటినుంచి దానిమీద ఒక కన్ను వేసే ఉంచాడు. అతనికిస్తే రోజుకో కొత్త మొహం, పెరట్లో పాటలు, సీసాలు. ఆ పోర్షన్‌కి ఇటుకలు మోసింది కృపావతి, గోడలు తడిపింది కృపావతి. ఎవరికివ్వాలో కూడా తనే తేల్చుకుంది. ఆ ఇంట్లో ఆమె మాట చెల్లిన చోటు అదొక్కటే. సాయిదుర్గ వెళ్ళిపోయిన మర్నాడు అదీ పోతుంది.

"జగదీష్‌కి ఇచ్చేది లేదు," అంది.

"మరి ఖాళీగా ఎట్టుకుని పూజ సేత్తావా?" అంది యర్రమ్మ.

కృపావతి మొగుడి పక్కనున్న ఫోన్ తీసుకుని గుమ్మంలో కూర్చుంది.

గ్రూపంటే కొత్తగా ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళు ఒకరికొకరు సలహాలు చెప్పుకునే వాట్సాప్ గ్రూపు. పోర్షన్‌కి రంగులు వేస్తున్నప్పుడు స్నేహితుడొకడు ఫల్గుణని అందులో చేర్చాడు. మన ఫల్గుణకి ఆ గ్రూపంటే కోర్టు కన్నా ఎక్కువ. నిన్న సాయంత్రం అందులో అతను రాసింది ఇంతే: 'మా టెనెంట్ మా ఇంటికి సొంత తాళం వేసుకుంది. ఏం చెయ్యాలి?'

వాన సంగతి రాయలేదు. గింజల సంగతి రాయలేదు. ఆమె లేనప్పుడు రెండో తాళంచెవితో తలుపు తీసిన సంగతి అసలే రాయలేదు. అడిగినంత మేరకే జవాబులు వచ్చి పడ్డాయి.

'ఫీజు పీకెయ్ బ్రో. రెండ్రోజుల్లో తనే పోతుంది.'

'నీళ్ళు కూడా కట్ చెయ్.'

'ఇలాంటివాళ్ళని మొదట్లోనే తొక్కెయ్యాలి.' కింద నవ్వే బొమ్మలు.

ఎవరింట్లోనో చీకటి పెట్టమని చెప్పడానికి మనిషికి ఎంత హుషారో! ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. అన్నిటికన్నా కింద, బొబ్బిలి రత్నాలు అనే పేరుతో ఒక వాయిస్ మెసేజ్ ఉంది. పొడుగ్గా ఉందని ఫల్గుణ దాన్ని నొక్కనే లేదు. కృపావతి నొక్కింది.

"బాబూ, నాను సానా ఏళ్ళుగా గదులు అద్దెకిస్తన్నాను. ఊరికే ఎవులూ తాళం కొనుక్కోరు. ఆ గుంట ఎందుకు కొనుక్కుందో నువ్వు సెప్పలేదు. ముందు అది సెప్పు. అంతవరకూ ఈళ్ళెవులి మాటా ఇని ఏటీ పీకకు."

"ఇన్నావా?" అంది కృపావతి మొగుడి వైపు తిరిగి.

ఫల్గుణ గిన్నెలోకి చూస్తూ అంబలి తాగాడు.

కృపావతికి టైపు చెయ్యడం రాదు. మైకు బొమ్మ నొక్కి పట్టుకుంది. మాట దానంతటదే వచ్చింది.

"అమ్మా, నాను ఫల్గుణ ఇంటిదాన్ని, కృపావతిని. మొన్న మబ్బు లేకుండానే వానొచ్చింది. పెరట్లో కాఫీ గింజలు ఆరబోసున్నాయి. తోలు తీసి కడిగిన గింజలు. తడిస్తే బూజు పట్టీసి ఏడాది కష్టమూ పోద్ది. మాది పెంకుటిల్లు, కారతాది. పోర్షన్‌కి స్లాబున్నాది. సిస్టరమ్మ డ్యూటీలో ఉంది. నా దగ్గర రెండో తాళంచెవి ఉంది, తీసి గింజలు లోపల పోసినాం. అంతే. మా ఊర్లో వానొస్తే ఎవులి గుమ్మం దగ్గరుంటే ఆ గుమ్మంలోకి గింజలు ఎల్లిపోతాయి. మాటల్లేని ఇళ్ళయినా సరే, తలుపు తీసీస్తారు. ఆ గుంట ఒచ్చి, నా తలుపు ఎవరు తీశారు అనీసి అలగే నిలబడిపోయింది. మర్నాడు కొత్త తాళం తెచ్చుకుంది. ఇప్పుడు ఇల్లు ఖాళీ సేసీస్తానంతంది. ఈయనేమో ఇయ్యాల ఫీజు పీకీసినాడు."

పంపించగానే ఒకతను 'ఈ కాఫీ గోలేంటి మధ్యలో' అని రాశాడు.

రత్నాలు వాయిస్ వచ్చింది. "కాఫీ గోలే కావాలి బాబూ. నువ్వు కాసేపు ఊరుకో. ఒకటడుగుతాను కృపావతమ్మా. వానొస్తే ఎవులి తలుపైనా తీసీడం మీ ఊరి పద్ధతి. బాగుంది. తాళంచెవి ఇచ్చిననాడు ఆ గుంటకి ఈ మాట సెప్పినావా?"

"సెప్పడానికేటుందమ్మా? అందరికీ తెలిసిందే కదా."

"అందరూ అంటే మీ ఊరోళ్ళు. ఆ గుంట మీ ఊరిదా?"

కృపావతి వేలు మైకు బొమ్మ మీద ఆగిపోయింది. ఆ పోర్షన్ చూపించిన రోజు గుర్తొచ్చింది. నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పింది, పామొస్తే ఎవర్ని పిలవాలో చెప్పింది, అద్దె చెప్పింది. వాన సంగతి చెప్పాలని తోచనే లేదు. అన్నం చేత్తో తినాలని ఎవరైనా చెప్తారా?

"నాను దాని వస్తువు ఒక్కటి ముట్టలేదమ్మా," అంది చివరికి. "సాప మడతెట్టి మంచం మీద ఎట్టినాను. దండెం మీద బట్టలు తీసి పక్కనెట్టినాను. అంతే."

"అదే ముట్టడం తల్లీ."

లోపల యర్రమ్మ చిక్కుడుకాయలు వలిచే చప్పుడు ఆగింది.

మళ్ళీ రత్నాలు గొంతు. ఈసారి మెత్తగా ఉంది. "నీ తప్పు పెద్దదని నాననడం లేదు. కొత్తగా ఇల్లిచ్చినోళ్ళందరికీ ఇదే ఇబ్బంది. ఇటుకా మనదే, సున్నమూ మనదే, లోపల గాలి కూడా మనదే అనిపిస్తాది. ముందు ఆ ఫీజు ఎట్టీయండి, ఆ గుంట మళ్ళీ అడక్కముందే. తర్వాత ఆ రెండో తాళంచెవి దాని సేతిలో ఎట్టు. వానొచ్చింది, గింజలున్నాయి అనీసి మొదలెట్టకు. తలుపు తీసినాను, తప్పయింది అను. అక్కడ ఆగిపో. ఉంటావా ఎల్లిపోతావా అని అడక్కు. అది దాని నోటంట రావాల. నాను సెప్పినట్టు సేస్తే అది ఉండిపోద్దనీ నాను సెప్పలేను. ఉన్నా ఎల్లిపోయినా సెయ్యవలసింది ఇదే."

'రెండో కీ కూడా ఇచ్చేస్తే ఇంక ఓనరు ఎవరండీ?' అని రాశాడు ఇందాకటి మనిషి.

"ఇంటికి నువ్వే ఓనరువి బాబూ. దాని పడగ్గదికి కూడా నువ్వేనా?"

కృపావతి నవ్వబోయి ఆగింది. వెనక్కి తిరిగి చూస్తే ఫల్గుణ లేచి నిలబడి ఉన్నాడు. ఆమె ఫీజున్న చెయ్యి చాచింది.

"నువ్వే ఎట్టుకో," అన్నాడు.

"నాకు రాదు. పీకినోడివి నువ్వే."

చాచిన చెయ్యి ఆమె దించలేదు. ఫల్గుణ గొణుక్కుంటూనే ఫీజు లాక్కుని పెరట్లో బోర్డు దగ్గరికి వెళ్ళాడు.

సాయంత్రం సాయిదుర్గ వచ్చేసరికి గుమ్మం మీద బల్బు వెలుగుతోంది. ఆమె దాన్ని ఒకసారి చూసి తాళం తీసింది. కృపావతి గడప బయట ఆగిపోయింది. రోజూ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ గడప దాటేసే మనిషి, ఇవాళ అక్కడే నిలబడితే కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"సిస్టరమ్మా, నీ తలుపు నువ్వు లేనప్పుడు తీసినాను. తప్పయింది. ఫీజు పీకింది మా ఆయన. అదింకా తప్పు." కొంగుముడి విప్పి తాళంచెవి తీసింది. "ఇదిగో రెండోది. ఇంకోటి లేదు."

వాన అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

సాయిదుర్గ తాళంచెవి వెంటనే తీసుకోలేదు. తలుపుకి ఆనుకుని నిలబడింది.

"ఇక్కడికి ట్రాన్స్‌ఫర్ కాకముందు కింద పల్లంలో ఒక ఇంట్లో ఉండేదాన్నక్కా. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నాను. మెలకువ వచ్చి చూస్తే ఇంటాయన గదిలో ఉన్నాడు. ఆయన దగ్గరా రెండో తాళంచెవి ఉంది. పంపు చూడ్డానికొచ్చానన్నాడు. అరిచాను. వీధిలోవాళ్ళు పోగయ్యారు. ఇల్లు ఆయనదే కదమ్మా, దానికింత గోలెందుకు అన్నారు."

కృపావతి తన అరచేతిలోని తాళంచెవి వైపు చూసింది.

"మా అమ్మతో చెప్పాను. ఉజ్జోగం మానేసి ఇంటికొచ్చీ అంది. అందుకే ఇంకెవరికీ చెప్పలేదు."

"నాను ఆడదాన్నే కదా అనుకున్నాను తల్లీ. నాను ఎల్తే ఏటవుద్ది అనుకున్నాను."

"వచ్చింది నువ్వని నాకేం తెలుసక్కా? తలుపు తెరిచి ఉంది. నాకు కనబడింది అంతే."

రోడ్డు మీద సంతకి వెళ్ళొస్తున్న జీపొకటి మనుషుల అరుపులతో దాటిపోయింది. సాయిదుర్గ చెయ్యి చాచి తాళంచెవి తీసుకుంది. "థాంక్స్ అక్కా" అని తలుపు వేసుకుంది.

ఉంటానని అనలేదు. వెళ్తాననీ అనలేదు. అడిగెయ్యాలని కృపావతి ప్రాణం కొట్టుకుంది. రత్నాలమ్మ మీద కోపం కూడా వచ్చింది. సలహా చెప్పి బొబ్బిలిలో హాయిగా కూర్చున్నావిడకి, ఇక్కడ గడప బయట నిలబడ్డవాళ్ళ అవస్థ ఏం తెలుస్తుంది?

మర్నాడు పొద్దున్న తలుపుకి కృపావతి పాత తాళంకప్ప వేలాడుతోంది. సాయిదుర్గ కొనుక్కున్నది కనబడలేదు. కృపావతి దాన్ని చూసి ఎవరికీ చెప్పకుండా లోపలికొచ్చి పొయ్యి వెలిగించింది. యర్రమ్మ కళ్ళకి కూడా అది ఆనింది.

"రెండు తాళంచెవులూ దాని దగ్గరే ఎట్టీసినావు. ఇంక ఇల్లు దానిదే. మనమే దానికి అద్దె కట్టాలేమో సూడు."

"కడదాంలే అత్తా. ముందు చిక్కుడుకాయలు అయినాయా?"

ఆఖరి కోత గింజలు పెరట్లో బరకం మీద ఆరుతున్నాయి. ఫోన్‌లో తుపాను అంటున్నారు, ఆకాశంలో ఏమీ లేదు. ఇంకొక్క రోజు ఎండ కాస్తే చాలనుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం కొండ మీంచి మబ్బు మంచులా దిగింది, దిగుతూనే వానగా మారింది.

ముగ్గురూ పెరట్లోకి పరిగెత్తారు. పెంకుటింట్లో అప్పటికే మూడు చోట్ల గిన్నెలు పెట్టి ఉన్నాయి. మిగిలిన నేలంతా బస్తాలే. వసారాలోకి జల్లు కొడుతోంది. ఎదురుగా స్లాబు ఇల్లు, దాని తలుపుకి తాళం.

కృపావతి ఫోన్ చేసింది. రింగయింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

"గునపం తేరా!" అంది యర్రమ్మ. "కప్ప పగలగొట్టు. కొత్తది కొనిచ్చీద్దాం. నానుండగా గింజలు తడవనిస్తానా?"

ఫల్గుణ గునపంతో వచ్చేసరికి కృపావతి తలుపుకి వీపు ఆనించి నిలబడి ఉంది.

"తప్పుకో."

"తప్పుకోను."

"పిచ్చెక్కిందా నీకు? ఏడాది కష్టం నీళ్ళలో పోతన్నాది! కోసింది నువ్వే కదా!"

"నానే కోసినాను. నానే మోసినాను. పోనీ. ఈ తలుపు మాత్రం ముట్టుకోకు." ఆమె ఏడుస్తోంది. "బరకం మడిచి కప్పు. దొరికినంతవరకూ కప్పు. నువ్వు ఈ కప్ప మీద ఒక్క దెబ్బ ఏస్తే ఆ గుంటకి నాను సెప్పిందంతా అబద్దమైపోద్ది."

"ఇంటోళ్ళకన్నా ఆ గుంటే ఎక్కువైపోయిందా నీకు?"

జవాబు చెప్పేలోగా గేటు దగ్గర స్కూటీ ఆగింది.

సాయిదుర్గ నిలువెల్లా తడిసి ఉంది. హెల్మెట్ తీసి చూసింది. తన తలుపు ముందు గునపం పట్టుకున్న మగమనిషి. పక్కన అరుస్తున్న ముసలమ్మ. తలుపుకి అతుక్కుని కృపావతి. నాను కాదు, నాను ఆపుతున్నాను అని చెప్పాలని కృపావతి నోరు తెరిచింది.

ఈలోగా సాయిదుర్గ నడిచి వచ్చింది. ఫల్గుణ గునపాన్ని కాలి వెనక్కి పెట్టుకున్నాడు, అంత పొడుగు గునపం కాలి వెనక దాగుతుందన్నట్టు. సాయిదుర్గ అతన్ని చూడనైనా లేదు. వంగి తాళంకప్ప చేతిలోకి తీసుకుంది. దాని మీద గీత లేదు. కృపావతి మొహంలోకి చూసింది.

"కాన్పు కేసులో ఉన్నానక్కా, ఫోనెత్తలేకపోయాను. బయటికొచ్చి నీ కాల్స్ చూశాను, వాన చూశాను." తాళం తీసి తలుపు బార్లా తెరిచింది. "తెండి, బేగి!"

అంటూనే ఒక గంప తనే ఎత్తింది. తర్వాత ఎవరికీ మాట్లాడే తీరిక లేదు. బరకం మడిచి, గంపల్లోకి ఎత్తి, పరుగులు. కృపావతి మొదటి గంపతో గడప దగ్గర ఆగిపోయింది.

"రా అక్కా, పిలుస్తున్నాను కదా," అంది సాయిదుర్గ లోపల్నుంచి.

కృపావతి లోపలికి అడుగుపెట్టింది. గది ఖాళీగా ఉంది. పరుపు చుట్టి తాడు కట్టేసి ఉంది. గోడకి అద్దం లేదు, మేకు మాత్రం ఉంది. గోడవారన తాళ్ళు బిగించిన అట్టపెట్టెలు. దండెం కూడా విప్పేసింది. గింజలు పొయ్యడానికి కావలసినంత నేల.

కృపావతి గంప వంచి గింజలు పోసింది. ఆఖరి గంప వచ్చాక ఫల్గుణ సాయిదుర్గ వైపు చూసి ఏదో అనబోయి, "గునపం లోపలెట్టీస్తాను," అని వెళ్ళిపోయాడు. యర్రమ్మ పొడిగుడ్డ తెచ్చి సాయిదుర్గ తల మీద వేసి, చరచరా వెళ్ళిపోయింది.

ఇద్దరే మిగిలారు. నేలమీద కూర్చుని గింజలు చేతులతో పల్చగా పరుస్తున్నారు. తడి కాఫీ వాసన గదంతా నిండింది.

"అరకులో రూము చూశాను," అంది సాయిదుర్గ తల ఎత్తకుండా. "ఆ ఫీజు పీకిన రోజే చూశాను. రేపు వస్తానని మాటిచ్చాను."

"ఊఁ," అంది కృపావతి. గింజలు మసకగా కనబడ్డాయి.

"నిన్న ఫోన్ చేసి, రెండో తాళంచెవి నాకివ్వండి అని అడిగాను ఆ ఇంటావిడని. ఇల్లు మాదమ్మా, అది నీకెందుకు అంది."

వాన స్లాబు మీద బాదుతోంది. కృపావతి చేతులు ఆగాయి. మరి అని అడగాలి. ఒక్క మాట. పెదవులు బిగించి గింజలు పరుస్తూ గోడవారకి జరిగింది. అక్కడ అట్టపెట్టె అడ్డొచ్చింది. దాని అడుగున తడి తగిలేలా ఉంది.

"దుర్గమ్మా, ఇది తడిసిపోద్ది. ఒక పక్క పట్టు."

ఇద్దరూ చెరోవైపు పట్టుకుని పెట్టె పైకెత్తారు. గిన్నెలేమో, బరువుగా ఉంది. ఒకవైపు బార్లా తెరిచిన వీధి తలుపు, రెండోవైపు లోపలి గది.

"ఎక్కడ ఎట్టమంటావు?" అంది కృపావతి.

సాయిదుర్గ తెరిచిన తలుపు వైపు ఒకసారి చూసి, పెట్టెని లోపలి గది వైపు లాగింది.